విమానం సీటుకు సాయంత్రం బేరం

మొన్న కడప ఎయిర్‌పోర్టులో నేను వెలగబెట్టిన ఘనకార్యం విన్నారా? మా ఆవిడ మైదుకూరంతా చాటేలోపు నేనే చెప్పేస్తాను!

మాది పండ్ల అంగడి. బనగానపల్లె మామిడి తెచ్చి అమ్ముతాను. మా బామ్మర్ది హైదరాబాదులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. విమానంలో తీసుకుపోతానని మా ఆవిడ సుబ్బలక్ష్మికి మాటిచ్చాను. తను ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఇంకేముంది, ఫోను పట్టుకుని చుట్టాలందరికీ చెప్పేసింది.

నేనేమో రేట్లు చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ వింత! మాకు లారీ బాడుగ కిలోమీటరు లెక్కన ఉంటుంది. విమానమూ అంతేననుకున్నా. తీరా భాగించి చూస్తే, హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయేవాడికి కిలోమీటరుకు తక్కువ పడుతోంది, కడప నుంచి హైదరాబాదు పోయే నాకు ఎక్కువ! పైగా పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు. ఇదెక్కడి బేరమబ్బా అని అంగడి మానేసి అదే పని.

"ఏమయ్యా, టికెట్లు బుక్ చేసినావా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

"ఉండు, నీకు తెలీదు. విమానం ఎగిరిపోయినాక ఖాళీ సీటు ఎవురు కొంటారు? మన కాయ మాదిరే, పొద్దు వాలితే రేటు దిగాల్సిందే!"

నా తెలివి మీద నాకంత నమ్మకం. గృహప్రవేశానికి ముందు రోజు సూట్‌కేసు, కాయల బుట్ట పట్టుకుని నేరుగా టికెట్ కౌంటరుకే పోయాం.

"సీట్లు ఉండాయి సార్" అంది కౌంటరులో అమ్మాయి. చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగి మీసం సర్దుకున్నా. అప్పుడు రేటు చెప్పింది. నేను మొదట చూసినదానికి దాదాపు మూడింతలు!

"ఏమ్మా, ఇంగ కాసేపుంటే సీటు ఖాళీగా పోతాది కదా! తగ్గించాల్సింది పోయి పెంచుతాండారే?"

ఆ అమ్మాయి నవ్వింది. "ఆఖర్లో వచ్చేటోళ్లు పోక తప్పనోళ్లు సార్. ఆఫీసు పనులోళ్లే ఎక్కువ. ఎంతైనా పెడతారు."

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది. "పెండ్లి పొద్దున కాయల కోసం ఉరికొచ్చేటోళ్లకు నువ్వెప్పుడన్నా తగ్గించినావా?"

బస్సుకు పోదామని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె కొత్త చీర, ఆ ముఖం చూస్తే మనసు రాలేదు. "మా తమ్ముడు ఆడ కారేసుకోని కాచుకోనుండాడు" అంది మెల్లగా. కార్డు గీకాను.

విమానంలో తను కిటికీకి ముఖం ఆనించి చిన్నపిల్లలా మురిసిపోతోంది. నాకూ సంతోషమే, కాదనను. కానీ బుద్ధి ఊరుకుంటుందా? పక్కసీటాయనను ఎంత పెట్టారని అడిగాను. ఆయన ఎప్పుడో బుక్ చేసుకున్నాడట. అదే వరస, అవే మబ్బులు, నేను పెట్టినదాంట్లో మూడో వంతు! లెక్కేస్తే ఆ విమానానికి కిలోమీటరుకు అందరికంటే ఎక్కువ రాబడి ఇచ్చిన మొనగాణ్ణి నేనే.

నిన్న ఒక పెండ్లివారాయన ఆయాసపడుతూ అంగడికొచ్చాడు. "శానా అర్జెంటప్పా, కాయలు కావాల!" ఆయన ముఖంలో కౌంటరు ముందు నిలబడ్డ నేనే కనబడ్డాను. పాపం, జాలేసింది.

రేటు తగ్గించానా అంటారా? మరి ఆ టికెట్ల డబ్బులు నేనెవరి దగ్గర రాబట్టుకోవాలి!