వెనక సీటు తడవలేదు

బండి తాళాలు చేతిలో పట్టుకుని చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపు ఇది స్టార్ట్ కాకూడదు. నాకు ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు.

మాది క్రూయిజర్ మోటార్‌సైకిల్. నగరి నుంచి శ్రీసిటీకి రోజూ దాని మీదే డ్యూటీకి వెళ్తాను. కొనేటప్పుడు పట్టుబట్టింది మా నాయన. బతుకంతా మరమగ్గం ముందు నిలబడిన మనిషి. వెడల్పాటి సీటు మీద చెయ్యి వేసి, "దినామూ డ్యూటీకీ పనికొస్తాది, దూరం పోయేదానికీ పనికొస్తాది. ఒకసారి నన్ను హార్సిలీ హిల్స్‌కు పిల్సకపోరా" అన్నాడు.

"పోదాంలే నాయనా" అన్నాను. మూడేళ్లూ అదే మాట. ఆయన చనిపోయాడు.

ఇంక ఇంత బండి ఎందుకని అమ్మకానికి పెట్టాను. కొనేవాడు మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. ఆ రోజు దాని మీద నా చివరి డ్యూటీ.

తిరిగి వస్తున్నాను. రాత్రి ఎనిమిదే... దయ్యాలు కూడా ఇంకా అన్నం తినని వేళ. సన్నగా తుంపర. నాగలాపురం దాటాక రోడ్డు మీద నేనొక్కడినే. టక్... టక్... టక్... ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఉన్నట్టుండి బండి వెనక భాగం దిగింది... మెల్లగా... ఎవరో చూసుకుని కూర్చున్నట్టు. హెడ్‌లైటు వెలుగు రోడ్డు వదిలి చెట్ల కొమ్మల మీదికి లేచింది. బండి నడిపేవాళ్లకు తెలుసు. వెనక మనిషి ఎక్కితేనే అట్లా లేస్తుంది.

అద్దంలో చూడలేదు... చూడలేకపోయాను. భయంతో యాక్సిలరేటర్ తిప్పాను. అరవై దాటింది.

ఎడమ భుజం మీద తట్టినట్టయింది. రెండుసార్లు.

అరవై దాటితే నాయన అట్లాగే తట్టేవాడు.

వేగం తగ్గించాను. ముందు గుంత లేదు, లారీ లేదు, ఏమీ లేదు. ఎందుకో భయం పోయింది. ఏడుపొచ్చింది. నలభై స్పీడులోనే ఇల్లు చేరాను.

వాకిట్లో ఆగగానే గోడ మీది హెడ్‌లైటు వెలుగు కిందికి దిగింది. మా ఆవిడ బండి తుడవడానికి గుడ్డ తెచ్చింది. ట్యాంకు తడి. హ్యాండిల్ తడి. వెనక సీటు మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఎవుర్నయ్యా ఎక్కించుకోనొచ్చినావు? ఈడ సుక్క తడి లేదే!"

నా వీపు అడ్డముండి తడవలేదేమో. షాక్ అబ్జార్బర్లు పోయాయేమో. మర్నాడు మెకానిక్‌కు చూపించాను. "బాగానే ఉండాయి కదన్నా" అన్నాడు.

కొనేవాడిని మాత్రం ఆ రాత్రే ఫోన్ చేసి రావద్దన్నాను. ఆ ఆదివారం హార్సిలీ హిల్స్‌కు బయలుదేరాను. వెనక ఫుట్‌రెస్టులు రెండూ తెరిచి పెట్టాను. ఘాట్ రోడ్డంతా నలభై దాటలేదు. భుజం ఎవరూ తట్టలేదు.

హెడ్‌లైటు వెలుగు పైకి లేచిందా అంటారా... పట్టపగలు, ఎట్లా తెలుస్తుంది?