వాన కోసం చూసే మనిషి

ఇంగ్లండులోని హల్ పట్టణంలో వాన పడితే అందరూ తిట్టుకుంటారు. గ్లెండా మాత్రం ఫ్లాస్కులో టీ పోసుకుని పిల్లల మానసిక వైద్యశాలకు బయలుదేరుతుంది. డాక్టరు సమయం ఇచ్చిన వాళ్లలో వానకు జడిసి ఎవరో ఒకరు రారు. ఆ ఖాళీ తన కూతురు కిర్‌స్టీకి దక్కాలి. గది దాటని ఆ పిల్ల పేరు నమోదై ఏడాది దాటినా ఇంకా పిలుపు రాలేదు.

నిన్న కూడా జల్లే, ఖాళీ మాత్రం లేదు. కౌంటర్లో జనీన్ గొంతు తగ్గించింది. "వచ్చే నెల పిల్లకి పద్దెనిమిది నిండుతాయి కదా గ్లెండా. ఆపైన పెద్దల ఆస్పత్రిలో వరుస మళ్లీ మొదట్నుంచే!"

"తెలుసులే. అందుకే ఇక ఎండలోనూ వస్తా."

ఇవాళ మబ్బు తునకైనా లేదు. గ్లెండా ఫ్లాస్కు మూత బిగిస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కిర్‌స్టీ కోటు తొడుక్కుని నిలబడింది.

"రెండు కప్పులు పెట్టమ్మా," అంది.