ఓట్లనాటి నేస్తం

బల్మూర్ మండలంలోని ఆ ఊళ్లో ఎవరి ఓటు ఎటు పడుతుందో నాగేంద్రమ్మ కళ్లు మూసుకుని చెప్పగలదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. పదేళ్లుగా ఇంటింటికీ తిరిగి ఓటర్ల లిస్టు సరిచూసే పని కూడా ఆమె నెత్తినే పడింది. ఊరి నడుమ రైతుల ఇళ్లు అన్నదమ్ముల తగాదాలను బట్టి రెండుగా చీలతాయి. చర్చి వాడ మాత్రం చీలదు. అక్కడంతా కూలి జనం. రెండొందల పన్నెండు ఓట్లూ ఒకే మాట మీద పడతాయి. అందులో తొంభైమంది ఊళ్లోనే ఉండరు. పుణెలో, ముంబైలో బిల్డింగుల పని. ఓట్లొచ్చాయంటే ఎవరో ఒకరు బస్సు పెడతారు, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి ఓటేసి వెళ్లిపోతారు.

ఆ తొంభైమందిలో రెబెకా ఒకతి.

ఆమే, నాగేంద్రమ్మా ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇద్దరికీ ఊళ్లోనే సంబంధాలు కుదిరాయి. నాగేంద్రమ్మ మేనబావ కురుమూర్తిని చేసుకుంటే, రెబెకా వాళ్ల వాడలోనే ఉండే జాన్‌ను చేసుకుంది. ఇక ఎప్పటికీ పక్కపక్కనే అనుకున్నారు. అయితే నాగేంద్రమ్మ అత్త, చర్చి వాడ మనిషని రెబెకాను వాకిలి దాటి లోపలికి రానిచ్చేది కాదు. మొదటిసారి ఓటు వచ్చినప్పుడు బడి దగ్గర ఆడవాళ్ల లైనులో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం దాకా కదలని ఆ లైనులో కడుపునిండా మాట్లాడుకున్నారు.

బోర్లెండిన ఏడాది జాన్, రెబెకా పుణె బాట పట్టారు. అప్పట్నుంచి వాళ్లు కలిసేది ఓట్లనాడే. అసెంబ్లీకి ఒకసారి, పార్లమెంటుకు ఒకసారి, సర్పంచికి ఒకసారి. ఐదేళ్లలో మూడు రోజులు. ఆ రోజుల్లో నాగేంద్రమ్మ తెల్లారకముందే లేచి బొబ్బర్ల గుడాలు ఉడకబెట్టి డబ్బాలో పెట్టుకునేది. ఓటేశాక ఇద్దరూ బడి వెనక గోడ నీడన కూర్చుని తినేవాళ్లు. సాయంత్రానికి బస్సు హారన్ కొట్టేది.

ఈసారి సర్పంచి ఎన్నికకు కురుమూర్తి అన్న శంకరయ్య నిలబడదామనుకున్నాడు. లిస్టు సవరించే రోజులవి. ఒక పొద్దున ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నాగేంద్రమ్మా, చర్చి వాడల తొంబై ఓట్లు ఊళ్ల లేనోళ్లయే గదా. తీసెయ్యరాదు?"

"ఇండ్లున్నయి, రేషన్ కార్డులున్నయి బావా. పని కోసం పోయిండ్రు, అంతే. ఎట్ల తీస్త?"

"ఆళ్లు నాకు ఎయ్యరు. నీకు తెల్వదా?"

"తెలుసు. అందుకని తీస్తరా?"

శంకరయ్య తువ్వాలు దులుపుకుని లేచి వెళ్లాడు. ఆ పూట కురుమూర్తి అన్నం సగమే తిన్నాడు.

ఆమె తొంభైమందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అప్పటిదాకా చేసినవాళ్లంతా ఉంచమన్నారు. రెబెకాకు ఆఖరున చేసింది.

"నా పేరు తీసెయ్యి నాగీ," అంది రెబెకా.

"ఏందే గట్లంటవ్?"

"పిల్లల సదువులు ఈడనే. ఓటు ఈడ పెట్టుకుంటే మా బస్తీకి నీళ్ల నల్లా వస్తదంటుండ్రు. ఓటు లేనోళ్ల దిక్కు ఎవ్వడు చూస్తడు? జాన్‌ది, నాది రెండూ తీసెయ్యి."

నాగేంద్రమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ తరువాత మూడు రోజులు ఆ రెండు పేర్లనూ అలాగే వదిలేసింది. ఉంచేస్తే ఎవరడుగుతారు? ఊరి బస్సొస్తే రెబెకా ఎక్కకుండా ఉంటుందా? కానీ బావను కాదన్న నోటితో తనకు తాను ఎలా ఔనని చెప్పుకుంటుంది? నాలుగో రోజు ఇద్దరి పేర్లకెదురుగా 'వలస వెళ్లారు' అని రాసి, నాగర్‌కర్నూల్ వెళ్లే బస్సెక్కి కాగితాలు తనే ఆఫీసులో ఇచ్చి వచ్చింది. చర్చి వాడలో ఆమె తీసిన పేర్లు ఆ రెండే.

ఓట్లనాడు బడి గేటు దగ్గర బల్ల వేసుకుని చీటీలు చూసి వరుస నంబర్లు చెబుతోంది. పుణె బస్సు వచ్చింది. పేర్లు తనే తీసేసినా ఆమె కళ్లు బస్సు తలుపు మీదే ఉన్నాయి. ఆఖరున రెబెకా ఆడబిడ్డ రోజా దిగింది. ఆమె వెనక డ్రైవరు దిగి తలుపేశాడు.

"వదినె నిన్ను అడిగింది, అక్కా," అంది రోజా.

"ఏమని?"

"బాగున్నదా అని."

నాగేంద్రమ్మ తలూపి తరువాతి మనిషి చీటీ అందుకుంది.

శంకరయ్య ముప్పైయొక్క ఓట్లతో ఓడిపోయాడు. నెల దాకా తమ్ముడి వాకిలి తొక్కలేదు. ఎదురుపడితే నాగేంద్రమ్మ పక్కకు తప్పుకునేది. అది ఆమెను అంతగా బాధించలేదు. మళ్లీ ఓట్లెప్పుడని ఎవరైనా అన్నప్పుడు మాత్రం బొబ్బర్ల డబ్బా గుర్తొచ్చేది. ఇంక ఏ ఓట్లొచ్చినా రెబెకా రాదు కదా.

చలి తగ్గిన ఒక ఆదివారం రెబెకాకు ఫోన్ చేసింది. అవతల కాంక్రీటు మిక్సర్ మోత. రెబెకా గొంతు పెంచి, "నల్లా ఇంకా రాలేదే. అర్జీ తీస్కున్నరు," అంది.

"రెబెకా, ఎండకాలం సెంటర్‌కు సెలవులిస్తరు. నేనే వస్త."

"నువ్వా? హైదరాబాద్ దాటనిదానివి!"

"రోజా ఊరికొచ్చి మళ్ల పోయేటప్పుడు ఆమెతోని వస్త. మీ ఇంట్ల జాగ ఉన్నదా?"

అవతల మోత ఆగిపోయింది. రెబెకా పనిచోటు నుంచి పక్కకు వచ్చినట్టుంది.

"ఒక్కటే రూము," అంది. "మా వాకిలి దాటి లోపటికి రా ముందు. వచ్చేటప్పుడు జర చింతచిగురు పట్కరా. ఈడ దొర్కది."