గుడివాడ నుంచి తెచ్చిన సీసా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా చెల్లెలు బందరులో ఒక చిన్న ల్యాబులో పనిచేసేది. కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులను తెల్లమచ్చ వైరస్ ఊడ్చేస్తున్న కాలం. రొయ్యపిల్లను చెరువులో వదలకముందే రోగం ఉందో లేదో చెప్పే పట్టీలు తయారుచేయాలని వాళ్ల ప్రయత్నం. అందుకు కావలసిన ప్రోటీనును పురుగు కణాలలో తయారుచేసేవారు. ఎప్పుడో ఒక లద్దెపురుగు నుంచి తీసిన కణాలు, సీసాల్లో పెరుగుతూ ఉంటాయి. కావలసిన జన్యువును ఒక వైరస్‌తో వాటిలోకి పంపితే ఆ ప్రోటీను చేసిపెడతాయి.

"పెరుగు తోడులాగే అన్నయ్యా. కొంచెం పక్కింట్లో ఇచ్చి ఉంచితే, మనది పాడైనప్పుడు తెచ్చుకోవచ్చు," అనేది.

ఆ పక్కిల్లు గుడివాడలో, తనకు పాఠం చెప్పిన మాస్టారి ల్యాబు.

ఒక ఎండాకాలం కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, బందరు కణాలన్నీ చచ్చిపోయాయి. చెల్లెలు గుడివాడ వెళ్లి సీసా తెచ్చుకుంది. తన కణాలే కదా అని విడిగా ఉంచి చూడలేదు. వైరస్ పట్టిన కణాలే ఉబ్బుతాయి; కొన్నాళ్లకు వైరస్ కలపని సీసాల్లో కూడా కణాలు ఉబ్బడం మొదలైంది. పైరు పురుగులను చంపే వైరస్‌ను మాస్టారు గుడివాడలో ఈ కణాలు ఉంచిన గదిలోనే పెంచేవారు.

అప్పటికే ఆ కణాల ప్రోటీనుతో చేసిన పట్టీలు పెట్టెల్లోకి ఎక్కాయి.

"రోగం ఉంటే పట్టీ మీద గీత పడుతోందిగా అమ్మా," అన్నాడు ల్యాబు యజమాని.

"ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు పడదో నేను చెప్పలేనండీ. దీన్ని నమ్మి పిల్ల వదిలితే రైతు మునుగుతాడు."

"మీ మాస్టారి చేత చెప్పించు. ఆపుతాను."

నేనూ చెల్లెలూ గుడివాడ వెళ్లాం. మాస్టారు కాఫీ తెప్పించి, అంతా విని నవ్వారు.

"బందరు ఉప్పుగాలికి చెడి ఉంటాయమ్మా. మా దగ్గర ఏ తేడా లేదు." లేచి వెళ్లి కొత్త సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. "మంచిది. తీసుకెళ్లు."

బస్సులో దాన్ని ఒళ్లోనే పట్టుకు కూర్చుంది. పెడన దాటాక నా వైపు తిరిగింది.

"ఇందులోనూ ఉంటే, మాస్టారిని నేనే పట్టించినట్టవుతుంది కదా," అంది.

ల్యాబులో మూత తీయకుండానే సీసాను మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసి, పక్కకు జరిగి యజమానికి చోటిచ్చింది. ఉబ్బిన కణాలే.

"ఎక్కడిదిది?" అన్నాడాయన.

చెల్లెలు సీసాను తిప్పింది. మూత మీద మాస్టారి చేతిరాత.

పట్టీల పెట్టెలు ఆగిపోయాయి. కృత్తివెన్నులో ఆ పంటకు పిల్లను పరీక్ష లేకుండానే వదిలారు. చెల్లెలు మళ్లీ గుడివాడ వెళ్లలేదు.