లేబర్ రూమ్‌కి వెళ్లిన బొమ్మ

2008 జూన్‌లో నన్ను టెక్కలిలోని ఒక శిక్షణ కేంద్రానికి నర్సింగ్ ట్యూటర్‌గా వేశారు. పలాస నుంచి ఉద్దానం తీరం దాకా ఉన్న ఆరోగ్య కేంద్రాల నర్సులకు, పుట్టగానే ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం నేర్పాలి. నేర్పేది రబ్బరు బొమ్మ మీద. బిడ్డను తుడవడం, తల సరిగ్గా ఉంచడం, అప్పటికీ ఊపిరి రాకపోతే మొహానికి మాస్కు ఆనించి అంబు బ్యాగు నొక్కడం. అంబు బ్యాగంటే చేత్తో నొక్కి గాలి పంపే తిత్తి. మాస్కు సరిగ్గా ఆనితే బొమ్మ ఛాతీ పైకి లేస్తుంది. పక్కనుంచి గాలి పోతే లేవదు.

ఆ ఏడాదే మాకు ఒక కంప్యూటరు, శిక్షణ నిర్వహణకు ఒక సాఫ్ట్‌వేరు వచ్చాయి. ఎవరు ఏ రోజు రావాలి, బొమ్మ ఎప్పుడు ఎక్కడ ఉండాలి, ఎవరు ఏ దశలో తడబడ్డారు, దేనికి ఎంతసేపు పట్టింది, అన్నీ అందులో ఎక్కించాలి. ఆపరేటర్ సన్యాసిరావుది పలాస. నవ్వకుండా ఒక్క మాట ఆడలేడు.

మొదటి బ్యాచ్ నాడు అతను హుషారుగా అందరి మార్కులూ పేర్లతో సహా తెర మీద వేసేశాడు. తక్కువ వచ్చినవాళ్ల పేర్లు ఎర్రగా కనబడ్డాయి. కంచిలి వైపు నుంచి వచ్చిన హెడ్ నర్సు రూతమ్మగారు లేచి నిలబడ్డారు.

"ఏటి మేడం, ఇది నేర్పడానికెట్టారా, బదిలీలు సెయ్యడానికెట్టారా? ఇలాగైతే మా నర్సు పిల్లలు రేపట్నుంచి రారు, సెప్తన్నాను."

అన్నట్టే మర్నాడు సగం కుర్చీలు ఖాళీ. నేను శ్రీకాకుళం వెళ్లి మా శిక్షణాధికారిని కలిశాను. ఎవరి మార్కులు వాళ్లకూ, ట్యూటర్‌కూ మాత్రమే కనబడాలని, తెర మీద దశలవారీగా మొత్తం బ్యాచ్ ఫలితమే ఉండాలని అడిగాను. పేర్లు లేకపోతే బాధ్యత ఎవరిదని ఆయన చాలాసేపు వాదించి, చివరికి ఒప్పుకున్నారు. కబురందిన రూతమ్మగారు తన నర్సుల్ని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

క్లాసులో అందరూ బాగా చేశారు. తర్వాతి విడత బొమ్మను మరో ట్యూటర్‌తో జీపులో వాళ్ల వాళ్ల లేబర్ రూములకే పంపాం. అవే చేతులు, అదే బొమ్మ. అయినా బ్యాగు నొక్కే దశ దగ్గర ఫలితం అన్నిచోట్లా పడిపోయింది.

"మేడం, సాఫ్ట్‌వేరుకి జొరమొచ్చీసినట్టుంది" అన్నాడు సన్యాసిరావు.

జ్వరం సంగతి చూద్దామని ఈసారి నేనే జీపెక్కాను. రూతమ్మగారి కేంద్రంలో ఆవిడే బొమ్మను తుడిచారు, తల సరిచేశారు, బ్యాగు కోసం చెయ్యి చాపారు. బ్యాగు బీరువాలో ఉంది. తాళంచెవి ఫార్మసిస్టు జేబులో ఉంది. ఫార్మసిస్టు టీకి వెళ్లాడు. ముందు ఆవిడే పకపకా నవ్వేశారు. క్లాసులో బ్యాగు బొమ్మ పక్కనే ఉండేది కాబట్టి ఈ ఆలస్యం ఎప్పుడూ బయటపడలేదు. మిగతా కేంద్రాల్లోనూ బ్యాగు తాళంలోనే ఉంటోందని తేలింది.

ఆ రోజు నుంచి బ్యాగు, మాస్కు కాన్పు బల్ల పక్కనే ఉండేలా, డ్యూటీ మారినప్పుడల్లా నొక్కి చూసేలా ఏర్పాటు చేశాం. శిక్షణ కూడా ముందుగా చెప్పకుండా లేబర్ రూములోనే పెట్టాం. రూతమ్మగారు అత్తగారి వేషం కట్టి, "ఒలమ్మా, నా మనవడికేటి సేత్తన్నారే!" అని గుండెలు బాదుకునేవారు. నర్సులు నవ్వు ఆపుకుంటూనే పని ఆపకుండా చేయడం అలవాటు చేసుకున్నారు.

వానాకాలంలో ఒకరోజు మేం రూతమ్మగారి కేంద్రంలో ఉండగానే జలంత్రకోట నుంచి ఒకామెను నొప్పులతో ఆటోలో తెచ్చారు. బిడ్డ పుట్టింది. ఏడవలేదు. తల్లి, "ఏటైందమ్మా, ఏడవదేటి?" అని అడుగుతూనే ఉంది. రూతమ్మగారు తుడిచారు, తల సరిచేశారు, పక్కనున్న బ్యాగు అందుకున్నారు. నేను చేతులు కట్టుకుని ఆ చిన్న ఛాతీనే చూస్తూ నిలబడ్డాను. లేచింది. మళ్లీ లేచింది. కాసేపటికి పిల్ల మూలిగి, ఆ తర్వాత గది దద్దరిల్లేలా ఏడ్చింది.

"సన్యాసిరావూ, ఇది కూడా ఎక్కించీ!" అని కేకేశారు రూతమ్మగారు.

"దీనికి కాలమ్ లేదమ్మా!" అన్నాడతను తలుపు బయట నుంచి.

నమోదు చూసి భయపడేవాళ్లు శిక్షణకు రారు, వచ్చినా తడబాటు దాచుకుంటారు. అప్పుడు ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా ఉపయోగపడదు. పని ఏ గదిలో జరుగుతుందో, శిక్షణ ఆ గదిలోనే జరగాలి. ఆ తర్వాత నన్ను ఎక్కడికి వేసినా ఎవరి మార్కులు వాళ్లకే, శిక్షణ లేబర్ రూములోనే అని ఈ రెండూ ముందుగా అడిగి, ఒప్పించుకున్నాకే బొమ్మను పెట్టెలోంచి తీసేదాన్ని.