తెల్లగుడ్డ

పెందుర్తి నుంచి వస్తున్న సిటీబస్సులో నా పక్కన కూర్చున్నతను ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజిన్లు బాగుచేస్తాడట. నేను కళ్లద్దాలు తుడుచుకుంటుంటే నా తెల్ల రుమాలు చూసి నవ్వాడు.

“సిలిండర్ల లోపల రాయితో రుద్దాక సబ్బునీళ్లతో కడగాల సార్. తెల్లగుడ్డతో తుడిత్తే మురికి అంటకూడదు. అప్పుడే పిస్టన్లు ఎక్కించాల.”

“కడక్కపోతే?”

“రాతిపొడి ఉండిపోద్ది. ఒడ్డున బాగానే నడుత్తాది. నడిసముద్రంలో ఇంజిన్ పట్టేసి ఆగిపోద్ది. మా బావ బోటుకి నాను కడగలేదు.”

“మర్చిపోయారా?”

“మా అప్పని కొడతాడు,” అన్నాడు.

ఇంతలో అతని ఫోను మోగింది. వాళ్లక్క గొంతు నాకూ వినబడింది.

“తమ్ముడా, మీ బావ వేటకెల్లిపోనాడు. ఇంజిన్ పర్లేదు కదా?”

“బయం లేదప్పా. నానే సేసాను కదా.”

అతని గొంతులో ఉన్నంత ప్రేమ నేను మళ్లీ ఎక్కడా వినలేదు.