చెప్పులు విప్పి మ్యూజియంలోకి వెళ్లిన మా హనుమంతన్న

నిన్న పొద్దున ఫోన్‌లో హనుమంతన్న పేరు చూసి, ఢిల్లీ ట్రిప్‌కు రొట్టెలు ఎన్ని కాల్చాలో చెప్పడానికే చేశాడనుకున్నాను.

ఎత్తితే ఆయన కూతురు పద్మ.

"అక్కా, నాయన పోయినాడు."

చేను దగ్గరే గుండె ఆగిందట. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా కంబదూరులో చెనిక్కాయ, అదే వేరుశనగ, పీకడం అయిపోగానే, పంట పండినా ఎండినా, ఏటా నలుగురిని పోగేసి ఢిల్లీ చూపించేవాడు. స్లీపర్ క్లాస్. సత్రంలో చాప. సంచి నిండా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి.

ఆయన రూల్ ఒక్కటే. "తిండికి దుడ్లు పెట్టొద్దండి, సూసేదానికి పెట్టండి."

రెండేళ్ల కిందట నేనూ వెళ్లాను. బట్టలు కుట్టుకునే నాకు అనంతపురమే పెద్ద సిటీ. ఎర్రకోట, కుతుబ్ మినార్, మెట్రో... మూడు రోజులు నా కాళ్లు నేల మీద ఆగలేదు.

ఇంక మ్యూజియం సంగతి చెప్పాలి.

మెట్ల దగ్గర హనుమంతన్న చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు. ఆయన విప్పితే మేమూ విప్పాం. గుడికి వెళ్లినట్టే వెళ్లిపోయాం.

లోపల వేల ఏళ్ల నాటి మట్టి బానలు. ఒకదాని ముందు ఆగిపోయాడు.

"సావిత్రీ, మా అవ్వ కొర్రలు పోసిన బాన మాదిరే ఉండాది సూడు. ఈళ్లూ మన మాదిరి వాన కోసం కాసుకోనుండినోళ్లేమో."

అరగంట కదల్లేదు. ఆ మొహంలో ఆనందం ఇప్పటికీ నా కళ్లల్లో ఉంది.

బయటికొస్తే ఐదుగురి చెప్పులూ మాయం.

అసలెందుకు విప్పారని సెక్యూరిటీ ఆయన అడిగాడు. పెద్దోళ్ల ఇంట్లోకి చెప్పులేసుకొని పోతారా అని హనుమంతన్న తనకొచ్చిన ఉర్దూలో ఎదురడిగాడు.

మిట్టమధ్యాహ్నం, కాలే రోడ్డు మీద, ఇండియా గేట్ దాకా వట్టి కాళ్లతో నడిచాం. నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. నిజం చెబుతున్నా, నా పెళ్లిలో కూడా నేనంత సంతోషంగా లేను.

వచ్చే నెలకు తనతో పాటు మా ఎనిమిది మంది ఆడవాళ్లకు టికెట్లు తీశాడు. నేను తప్ప అందరూ కూలి పనులకు వెళ్లేవాళ్లే, గుంతకల్లు దాటి ఎరగరు.

నిన్న మట్టి చేసి వచ్చాక అందరూ క్యాన్సిల్ చేద్దామన్నారు. దారి తెలిసింది నాకొక్కదానికే, నాకేమో హిందీ రాదు. సరే అన్నాను.

ఈ రోజు పొద్దున ఆయన భార్య ఈశ్వరమ్మ వదిన పిలిచింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"టికెట్లు క్యాన్సిల్ చేసినావా?"

"ఇంకా లేదు వదినా."

"చేయొద్దు. ఆయప్ప పేరు తీసి నా పేరు రాయించు. ఊరందరినీ పిల్చుకపోయినాడు, నేను ఏటా గొర్రెలకాడే ఉండిపోతి. దినాలు అయినాక కదా ట్రెయిను. నేను కూడా సూడాల."

వెంటనే కనుక్కున్నాను. ఇంటివాళ్ల పేరు మీదికి మార్చుకోవచ్చట. మారుస్తున్నాను.

భయంగా ఉంది, అన్నా. దారి తప్పుతామేమో కూడా. అయినా వెళ్తున్నాం.

నీ ఆత్మ నెమ్మదిగా ఉండాలి హనుమంతన్నా. ఈసారి వదిన చూసి వస్తుంది.